ఛాయాచిత్రమును దాని క్రింది మాటయు: కురుడుమలె నిదర్శనముగా నొక విమర్శ

కోలారు జిల్లాలో ముళబాగిలు పట్టణమునకు సుమారు 10 కిలోమీటర్ల దూరమున, కొండల నడుమ, కురుడుమలె యను చిన్న గ్రామము కలదు. అచ్చటి మహాగణపతి ఏకశిలామూర్తి; ఎత్తు 13 అడుగులకు పైబడినది. త్రిపురాసుర సంహారమునకు ముందు త్రిమూర్తులు ఇచ్చట కూడి విఘ్నేశ్వరుని ప్రతిష్ఠించిరనియు, దేవతలు కూడిన మలె గనుక ఇది 'కూడుమలె' యయ్యెననియు, ఆ పేరే మారి కురుడుమలె యైనదనియు స్థలపురాణము చెప్పును. క్రొత్త పని తలపెట్టువారు ఈ స్వామికి మ్రొక్కుట పరిపాటి. ఎన్నికల ప్రచారమునకు సయితము ఇచ్చటనే కొబ్బరికాయ కొట్టు ఆచారము కలదు. 2023 శాసనసభ యెన్నికలకు ముందు కాంగ్రెసు వారి ప్రచారయాత్ర యొకటి ఈ గుడి ముంగిటినుండి బయలుదేరినది.

పూర్వము ఒక యాత్రికుడు కురుడుమలెకు వచ్చుటకు మఱియొకని నోటిమాట కావలసియుండెను. చుట్టమో పొరుగువాడో తన మ్రొక్కు ఫలించిన కథ చెప్పగా విని రెండవవాడు బండి కట్టెడివాడు. ఇప్పుడు వచ్చువారిలో కొందఱు, చుట్టఱికమును పొరుగును లేని యొక అపరిచితుడు తీసిన బొమ్మను సెల్ ఫోనులో చూచి వచ్చుచున్నారు. వచ్చి తామును బొమ్మలు తీసి పంచుచున్నారు. వానిని మఱికొందఱు అపరిచితులు చూచుచున్నారు. చూపునకు చూపు తోడై గొలుసుకట్టుగా సాగుచున్నది. ఈ గొలుసులో మాట యెక్కడ నిలిచినది? ఆ మాట యే భాషలో, ఏ లిపిలో నున్నది? కోలారు సీమ తెలుగువారికి ఈ ప్రశ్న ఉబుసుపోకకు వేసికొనునది కాదు.

ఛాయాచిత్రములను పంచు సాధనములలో నేడు మిక్కిలి ప్రచారము గలది ఇన్‌స్టాగ్రాము. ఇది 2010 అక్టోబరులో అమెరికాలో వెలసినది. 2012 ఏప్రిలులో ఫేసుబుక్కు సంస్థ దీనిని 100 కోట్ల డాలర్లకు కొనుటకు ఒప్పందము చేసికొన్నది. మొదటి అయిదేండ్లు అందు చదరపు బొమ్మలకు మాత్రమే చోటుండెను. నిలువు బొమ్మలను అడ్డ బొమ్మలను 2015 ఆగస్టునుండి అనుమతించిరి. ఇది చిన్న విషయముగా కనబడవచ్చును గాని శిల్పమును చూచువారికి చిన్నది కాదు. ఒక దేవాలయమును సమగ్రముగా చదరములో ఇముడ్చవలెనన్న దూరమునకు పోయి చిన్నదిగా తీయవలెను. లేదా కొంత కోసివేయవలెను. స్తంభముపై నున్న యొక నర్తకి గాని, ఒక యాళి ముఖము గాని చదరములో చక్కగా ఇముడును. గుడిని తుంచి తునకలుగా చూచు అలవాటును ఆ చట్రము పెంచినదనుట సాహసము కాదు. తునకను చూచినవానికి అది యే గుడిలోనిదో తెలియదు. తెలియవలెనన్న మాటయే శరణ్యము.

2016లో మఱియొక మార్పు వచ్చినది. అంతవఱకు బొమ్మలు కాలక్రమమున కనబడుచుండెను. నాటినుండి ఎవరికేది రుచించునో యంత్రము లెక్కగట్టిన క్రమమున కనబడసాగెను. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము టిక్‌టాకును నిషేధింపగా, మఱుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామువారు మన దేశమున 'రీల్సు' అను చలనచిత్ర ఖండికలను ప్రవేశపెట్టిరి. అప్పటినుండి నిలుకడగల బొమ్మకు నిలుకడ తగ్గినదని చెప్పవచ్చును. వ్రేలితో ఒక్కసారి పైకి త్రోయగా గణపతి పోయి గారెలు, గారెలు పోయి క్రికెట్టు వచ్చును. ఈ వేగములో ఇద్దఱు అపరిచితులు ఒకరినొకరు ఎఱుగుట యెట్లు?

అట్లని యీ సాధనమును నిందించి ఊరకుండుట విమర్శ కానేరదు. అపరిచితులు బొమ్మ మూలమున కలిసికొనుట తెలుగువారికి ఇన్‌స్టాగ్రాముతో వచ్చిన వింత కాదు. 1947 జూలైలో చక్రపాణి, నాగిరెడ్డి గార్ల పూనికతో వెలువడిన 'చందమామ'లో దశాబ్దముల పాటు ఫొటో వ్యాఖ్యల పోటీ సాగినది. సంపాదకులు రెండు ఛాయాచిత్రములను ప్రకటించెడివారు. పాఠకులు ఆ రెండింటికిని జతకుదురునట్లు రెండు చిన్న వ్యాఖ్యలను కార్డుపై వ్రాసి పంపవలెను. ప్రాసయో, విరోధమో, చమత్కారమో వానిని జతపఱచవలెను. గెలిచినవారి పేరును ఊరును పత్రికలో అచ్చుపడెడివి. ఒక మూలనున్న బాలుడు మఱియొక మూలనున్న, ముఖమెఱుగని మనుష్యుని మాటను చదివి నవ్వెడివాడు. తనకు తోచిన మాటతో సరిపోల్చుకొనెడివాడు. బొమ్మ అందఱికిని ఒక్కటే. మాట యెవరిది వారిది. అపరిచితుని మనసు తెలియునది ఆ మాటలోనే. బహుమతి స్వల్పమే గాని, బొమ్మను చూచి రెండు మాటలు కుదుర్పవలెనన్న నెల దినముల ఆలోచన స్వల్పము కాదు.

నేటి బొమ్మ క్రింద వ్రాయు మాటలను ఆ కార్డుముక్కల ప్రక్కన పెట్టి చూచిన భేదము తెలియును. ఇప్పుడు వ్యాఖ్య వ్రాయుటకు నెల యక్కఱలేదు, నిమిషము చాలును. మాటకు బదులు హృదయపు గుర్తును నొక్కిన చాలును. ఆ గుర్తుల లెక్కయే తారతమ్యమును నిర్ణయించుట మితిమీరగా, 2021లో ఆ లెక్కను మఱుగుపఱచుకొను వీలును సంస్థవారే కల్పించిరి. పేరు స్థానమున మాఱుపేరు వచ్చినది, ఊరు ఐచ్ఛికమైనది. పేరును ఊరును లేని యపరిచితుడు ఎన్ని గుర్తులు నొక్కినను అపరిచితుడే.

ఊరి పేరు వ్రాసినను చిక్కు తీరుట లేదు. సంఖ్యాచిహ్నము ముందుంచి వ్రాయు పిలుపుమాటలను హ్యాష్‌ట్యాగు లందురు. ఒకే పిలుపుమాట గల బొమ్మలన్నియు ఒకచోట చేరును. కాని కురుడుమలెను ఇంగ్లీషు లిపిలో వ్రాయువారు ఒకరు 'మలె' యని, ఒకరు 'మలై' యని, ఒకరు 'కూడుమలె' యని వ్రాయుదురు. ఒక అక్షరము మాఱినంతనే గూడు మాఱును. దేవతలను ఒకచోట కూర్చిన కూడుమలె, తన బొమ్మలను ఒకచోట కూర్చుకొనలేకున్నది. తెలుగు లిపిలో గాని కన్నడ లిపిలో గాని వ్రాసిన ఈ తగవు చాలవఱకు తీరును. 'కురుడుమలె' యని వ్రాయుటకు ఈ రెండు లిపులలోను సందేహమునకు తావు లేదు.

ఇక చూచుట యనగా నేమి? ఈ ప్రశ్నకు కురుడుమలెలోనే యొక కథ దొరకును. గణపతి యాలయమునకు సమీపమున చోళుల నాటిదని చెప్పబడు సోమేశ్వరాలయము కలదు. దాని యొక భాగమును జకణాచారియు, మఱియొక భాగమును అతని కుమారుడు డంకణాచారియు చెక్కిరని స్థానికులు చెప్పుదురు. కుమారుని పనితనమే మేలైనదని కూడ అందురు. జకణాచారి కథ కన్నడ దేశమంతట ప్రసిద్ధము. శిల్పి యిల్లు విడిచి దేశాటనమునకు పోయెను. ఇంటివద్ద పుట్టిన కుమారుడు పెరిగి, తండ్రిని వెదకుచు బేలూరు చేరెను. అచ్చట వృద్ధశిల్పి చెక్కిన విగ్రహమును చూచి, ఆ శిలలో దోషమున్నదని పలికెను. దోషమును చూపిన నా కుడిచేతిని నఱికికొందునని వృద్ధుడు పంతము పట్టెను. విగ్రహమునకు గంధము పూసిరి. అంతట గంధమారెను, నాభి వద్ద మాత్రము ఆరలేదు. అచ్చట ఉలి పెట్టగా నీరును, ఇసుకయు, ఒక కప్పయు వెలువడినవి. వృద్ధుడు చేయి కోసికొనెను. పిదప మాటల సందర్భమున ఇద్దఱును తండ్రికొడుకులమని తెలిసికొనిరి. క్రీడాపురమున కేశవుని గుడి కట్టిన మీదట పోయిన చేయి తిరిగి వచ్చెననియు, ఆ యూరే 'కైదాళ' యైనదనియు కథ. ఇది చరిత్ర కాదు. జకణాచారి యను వ్యక్తి యుండెనా యను విషయమే చరిత్రకారులకు సందేహము. బేలూరు చెన్నకేశవుని ప్రతిష్ఠ 1117 నాటిది గాని, కథ యెప్పటిదో చెప్పవలను గాదు.

అయినను ఈ కథ ప్రస్తుత విషయమునకు మిక్కిలి దగ్గఱిది. ఇద్దఱు అపరిచితులు ఒక ప్రతిమ యెదుట కలిసికొనిరి. చిన్నవాడు 'బాగున్నది' యని చెప్పి పోయియున్నచో వారు అపరిచితులుగానే యుండెడివారు. అతడు శిలను పరికించెను, తప్పు చెప్పెను, తప్పును నిరూపించుటకు గంధము ఆరువఱకు నిలిచెను. తండ్రియు ఆ మాటను త్రోసిపుచ్చక పరీక్షకు నిలబడెను. బాంధవ్యము బయటపడినది ఆ తరువాతనే. నేడు ఒకడు సోమేశ్వరాలయపు స్తంభమును చిత్రించి 'విజయనగర శిల్పము' అని వ్రాసినచో, ఆ గుడి మూలము చోళుల నాటిదని చెప్పుదురే యని మర్యాదగా తెలిపెడి యొక్క యపరిచితుడు, హృదయపు గుర్తు నొక్కిన వేయిమందికంటె ఆ గుడికి మేలు చేసినవాడగును. అయితే ఇట్టి సవరణను మెచ్చుకొను స్వభావము మనలో తక్కువ. తప్పు చెప్పినవానిని పగవానిగా చూచి, తలుపు మూసి, వాని పేరును తొలగించు వీలును ఆ సాధనమే చేతికిచ్చినది. జకణాచారికి ఆ వీలు లేకపోవుట మంచిదైనది.

ఇట్టి చూపు అసాధ్యమని తలపరాదు. పొరుగుననే బెంగుళూరులో శాసనశిలలను కాపాడుటకై సామాజిక మాధ్యమమున ఔత్సాహికుల కూటమి యొకటి యేర్పడినది. వీధిలో, తోటలో, కాలువగట్టున అక్షరములు గల రాయి కనబడినచో దాని బొమ్మను పంచుదురు. లిపి యెఱిగినవారు చదువుదురు. త్రోవ యెఱిగినవారు వెళ్లి రాతిని నిలబెట్టుదురు. వీరిలో పలువురు ఒకరికొకరు అపరిచితులే. హెబ్బాళమున 2018లో బయటపడిన కిట్టయ్య వీరగల్లు సుమారు క్రీ.శ. 750 నాటిదని నిర్ణయింపబడినది. బెంగుళూరు ప్రాంతపు ప్రాచీనతను గూర్చి జనసామాన్యము మాటలాడుకొనునట్లు చేసిన రాయి యది. కోలారు జిల్లా శాసనములను బి. లూయీ రైసు తన 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' పదియవ సంపుటమున 1905లో ప్రకటించెను. ఆ సంపుటమున నెక్కిన రాళ్లు నేడెక్కడెక్కడ నున్నవో, ఏవి యింటి గోడలలోనికి పోయినవో కనుగొనుటకు ప్రతి గ్రామమునను సెల్ ఫోను గల యువకుడొకడు చాలును. బొమ్మ క్రింద ఊరి పేరును, ఏ చెరువు గట్టు, ఏ దిక్కు అను వివరమును మాత్రము వ్రాయవలెను. సూర్యాస్తమయమును గూర్చిన నాలుగు పొడి మాటలతో ఆ పని జరుగదు.

కోలారు బంగారు గనుల పట్టణమునకు ఈ విషయమున జరిగిన అన్యాయము వేఱు. 1880లో జాన్ టైలర్ సంస్థ చేతబట్టిన ఆ గనులలో తమిళులును, తెలుగువారును తరతరములుగా పనిచేసిరి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. 2018 డిసెంబరులోను, 2022 ఏప్రిలులోను ఆ పట్టణపు పొడి యక్షరములను పేరుగా బెట్టుకొని రెండు చలనచిత్రములు వెలువడి దేశమంతట ఆడినవి. నాటినుండి ఆ మూడక్షరములతో బొమ్మలను వెదకువానికి నటుని గడ్డమును సుత్తియు మొదట ఎదురగును; గని కార్మికుల వరుస యిండ్లు వెనుకబడును. వచ్చు క్రొత్తవారు సైనైడు దిబ్బలపై నిలిచి బొమ్మలు తీయుదురు. బంగారము తీయగా మిగిలిన రాతిపొడి ఆ దిబ్బలై పేరుకొన్నది. గాలి వీచిన దినమున ఆ పొడి యెవరి యింటిలో పడునో బొమ్మ చెప్పదు. దిబ్బ బొమ్మ క్రింద ఆ యూరివాడొకడు రెండు వాక్యములు వ్రాసిననాడు, దూరమున నున్న అపరిచితునికి అది కథలోని రంగస్థలము కాక మనుష్యులుండు ఊరు అగును. ఆ రెండు వాక్యములు తఱచుగా కనబడుట లేదు.

కనబడకపోవుటకు కారణమును భాషలోనే వెదకవలెను. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణము జరిగినప్పుడు కోలారు జిల్లా మైసూరు రాష్ట్రముననే నిలిచినది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నందింప యత్నింపవలెనని ఆ యేటి ఏడవ రాజ్యాంగ సవరణము 350-ఎ అధికరణమును చేర్చినది. అధికరణము నిలిచియున్నది, తెలుగు పాఠశాలలో పిల్లల సంఖ్య నిలుచుట కష్టముగా నున్నది. అన్నము పెట్టు భాష, పోటీ పరీక్ష భాష వేఱుగా నున్నప్పుడు తల్లిదండ్రులను తప్పుపట్టరాదు. ఫలితముగా ఈ సీమలో తెలుగు నోటిలో నున్నది, చేతిలో లేదు. ఇంట 'ఆడ ఉండాది', 'ఈడ ఉండాది' అని ధారాళముగా మాటలాడు యువకుడు వ్రాయవలసి వచ్చినప్పుడు కన్నడమునో ఇంగ్లీషునో ఆశ్రయించును. బొమ్మ క్రింద తెలుగు మాట వ్రాయ బుద్ధి పుట్టినను దానిని ఇంగ్లీషు అక్షరములలో వ్రాయును. ఆ వ్రాతలో దీర్ఘమేదో, హ్రస్వమేదో, ళకారమేదో తెలియదు. కోలారు తెలుగు ఇంపు ఆ దీర్ఘములలోనే కలదు.

ఇందు నిరాశ పడనక్కఱలేని యంశమును కలదు. పాఠశాల విడిచిన తరువాత తెలుగు మాటను వ్రాయవలెనన్న కోరికను ఈ యువకునిలో కలిగించినది ఒక ఛాయాచిత్రము. జాబు వ్రాయుట పోయినది. పత్రికకు కార్డు వ్రాయుట పోయినది. మిగిలినది బొమ్మ క్రింది వ్యాఖ్య. చిత్తూరులోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న యెఱుగని తెలుగువాడు ఆ బొమ్మను చూచి 'ఇది యే ఊరు?' అని యడిగినప్పుడు ఈతడు తన భాషలో బదులు చెప్పవలసియుండును. అపరిచితుడు ఈ రీతిగా, తనకు తెలియకయే, తెలుగు పంతులగుచున్నాడు. 'సంగటి' యని వ్రాయగా చూచినవాడు ముద్దయా యని యడుగును. 'కల్యాణి' యనగా నేమని యడుగును. గుడి కోనేటిని మేమిచ్చట అట్లందుమని ఈతడు తెలుపును. నిఘంటువున కెక్కని మాట యొకటి ఇట్లు ఎల్లలు దాటును. ఈ పని బొమ్మ లేనిదే మొదలుకాదు. మాట లేనిదే ముగియదు.

అపరిచితులతో చెలిమి యనగానే తల్లిదండ్రులకు కలుగు భయము నిరాధారము కాదు. మాఱుపేరు చాటున దుర్జనుడు దాగుట సులభము. ఆడపిల్లల చిత్రములు దుర్వినియోగమగుట వినుచునే యున్నాము. 2023 నాటి వ్యక్తిగత దత్తాంశ రక్షణ చట్టము 18 ఏండ్లు నిండనివారి వివరములను వాడుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని విధించినది. ఇన్‌స్టాగ్రామువారును, పిన్నవయస్కుల ఖాతాలను అపరిచితులు చూడకుండునట్లు మొదటినుండియే మూసియుంచు పద్ధతిని 2024లో విదేశములందు ప్రారంభించి, 2025లో మన దేశమునకు విస్తరించిరి. ఇది మంచిదే. ముఖమును చూపి చెలిమి కోరుటకంటె ఊరిని చూపి చెలిమి కోరుట పిల్లలకు క్షేమము. వీరగల్లు బొమ్మ, చెరువు తూము బొమ్మ, రాగి కళ్లము బొమ్మ పంచిన విద్యార్థి తన్ను దాచుకొనియు తన సీమను తెలుపగలడు.

లిపిని గూర్చి యొక శంక మిగిలియున్నది. తెలుగు లిపిలో వ్రాసిన, ఇరుగుపొరుగు కన్నడిగులకు అది గోడ కాదా యని కొందఱందురు. దీనికి కైవారము బదులు చెప్పును. 2007 వఱకు కోలారు జిల్లాలోనిదై, ఇప్పుడు చిక్కబళ్లాపురము జిల్లాలో చేరిన ఆ క్షేత్రమున వెలసిన నారాయణ తాతయ్య తెలుగునను కన్నడమునను తత్త్వములు పాడిన యోగి. ఆయన తెలుగు తత్త్వములను కన్నడ లిపిలో అచ్చువేసిన పుస్తకములతో ఈ సీమలో భజనపరులు పాడుచున్నారు. వారిలో తెలుగు ఇంటిభాష కానివారును కలరు. లిపి మాఱినను పాట మాఱలేదు; రెండు లిపులును ఒక తల్లి బిడ్డలగుటయే అందులకు కారణము. కన్నడ మెఱిగినవాడు తెలుగు అక్షరములలో పెక్కింటిని గురువు లేకయే గుర్తుపట్టును; తలకట్టు రూపు కొంత వేఱు, కకారము వంటి కొన్ని యక్షరముల వద్ద తడబడును, అంతే. కురుడుమలె బొమ్మ క్రింద 'ఈడ కల్యాణి ఉండాది' అని తెలుగు లిపిలో వ్రాసినచో దానిని మొదట కూడబలుకుకొని చదువువాడు, సముద్రముల కావలనున్న అపరిచితుడు కాక, ముళబాగిలు సంతలో ప్రక్క అంగడివాడు కావచ్చును.